హక్కులు ఎవరిచ్చారు?

దేవుడు లేడంటారు సరే, మరి మనిషికి హక్కులు ఎక్కడినుంచి వచ్చాయి? హేతువాదుల్ని ఇరుకున పెట్టాలనుకునేవారు వేసే ప్రశ్న ఇది. నన్ను బంధువులు అడిగారు, మిత్రులు అడిగారు. ప్రశ్న మంచిదే. దాటవేయకూడదు.

1948లో విశ్వమానవ హక్కుల ప్రకటన ముసాయిదాపై ఐక్యరాజ్యసమితిలో ఈ చర్చే వచ్చింది. మనిషిని దేవుడు తన పోలికలో సృష్టించాడని మొదటి అధికరణంలో చేర్చాలని బ్రెజిల్ కోరింది. వివేకం, అంతరాత్మ ప్రకృతి ప్రసాదించినవన్న మాట అప్పటికే ముసాయిదాలో వుంది. చైనా ప్రతినిధి చాంగ్ అదీ వద్దన్నాడు. మా దేశంలో కోట్లాది జనానికి వేరే ఆదర్శాలున్నాయి, వాటిని మీపై రుద్దటం లేదు, మీరూ అలాగే వుండాలన్నది ఆయన వాదన. చివరకు దేవుడి ప్రస్తావన చేరలేదు, ప్రకృతి ప్రస్తావన తొలగింది. మనిషి మిగిలాడు. ఆ మనిషిలో స్త్రీ కూడా వున్నదని తెలిసేలా పదం మార్పించింది మన ప్రతినిధి హంసా మెహతా.

డిసెంబరు 10న 48 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి. వ్యతిరేకించినవారు లేరు. 8 దేశాలు తటస్థంగా వున్నాయి. మతం మార్చుకునే హక్కు సౌదీ అరేబియాకు నచ్చలేదు. జాతుల సమానత్వం దక్షిణాఫ్రికాకు గిట్టలేదు. సోవియట్ కూటమి రాజ్య సార్వభౌమత్వాన్ని అడ్డుపెట్టింది. వ్యక్తి హక్కులకు ఎదురుపడేవి నేటికీ ఇవే: మతం, జాతి, రాజ్యం.

ఇక్కడ గమనించాల్సింది మరొకటి వుంది. సౌదీ ప్రతినిధి ఇస్లాం పేరిట మత మార్పిడి హక్కును కాదన్నాడు. పాకిస్తాన్ విదేశాంగమంత్రి జఫ్రుల్లాఖాన్ ఖురాన్ చూపించే సమర్థించాడు. గ్రంథం ఒకటే, తీర్పులు రెండు! జఫ్రుల్లాఖాన్ అహ్మదీయుడు. 1974లో పాకిస్తాన్ రాజ్యాంగాన్ని సవరించి అహ్మదీయులు ముస్లింలు కారన్నారు. 1984లో, తాము ముస్లింలమని చెప్పుకోవటమే వారికి నేరమైంది. అప్పటికి ఆయన బతికే వున్నాడు. దైవదత్తమైన హక్కు గ్రంథానికి అర్థం చెప్పేవాడి చేతిలో వుంటుంది. ఇచ్చిన చెయ్యే తీసుకుంటుంది.

మన దగ్గర ఇంత దారుణం లేకపోవచ్చు. కాని మా అమ్మాయిని బడిలో చేర్చేటప్పుడు మతం గడి ఖాళీగా వదిలేస్తే గుమాస్తా ఒప్పుకోలేదు. "మీకు లేకపోతే మీ నాన్నగారిది రాయండి సార్" అన్నాడు. మతం పొలంలాగా వారసత్వంగా వస్తుందని ఆయన నమ్మకం. 2023లో తెలంగాణ హైకోర్టు జనన నమోదు దరఖాస్తులో కులం లేదు, మతం లేదు అని రాసుకునే వీలు కల్పించమన్నది. ఒక దంపతులు కోర్టుకెక్కితే వచ్చిన తీర్పు అది. ఆకాశం నుంచి వూడిపడలేదు.

మనుషులు చేసిన హక్కుల్ని మనుషులే తీసేయరా అంటారు. తీసేస్తారు. పాకిస్తాన్‌లో జరిగింది అదేగదా. అయితే మానవ నిర్మితమంటే ఇష్టారాజ్యమని కాదు. నాకు జరగకూడదనుకున్నది నీకు చేయాలంటే నేను కారణం చెప్పాలి. ఆ కారణం నా మతం, నా కులం నమ్మనివాడు కూడా పరీక్షించి ఒప్పుకోదగినదిగా వుండాలి. బానిసత్వం, అంటరానితనం, చిత్రహింస ఈ పరీక్షకు నిలవవు. బాధ అందరికీ బాధే గనుక ఈ కొలత దేశం మారినా మారదు. అంతర్జాతీయ న్యాయానికి ఇంతకన్న గట్టి పునాది నాకు కనిపించలేదు.

పునాది వున్నంతమాత్రాన ఇల్లు లేవదు. 1948 ప్రకటన ఒడంబడిక కాదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 1966లో వచ్చింది, భారతదేశం 1979లో చేరింది. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికపై మన ప్రభుత్వం 1997లో సంతకం చేసింది, ఇంతవరకు ధృవీకరించలేదు. ఏ పార్టీ వచ్చినా పట్టించుకోలేదు. లాకప్‌లో దెబ్బలు తినేవాడు ఆస్తికుడా నాస్తికుడా అని ఎవరూ అడగరు. ఓటు కోసం వచ్చినప్పుడు మీ ఎం.పి.ని ఈ సంగతి అడగండి.