గాజూ గజాలూ

ఫిబ్రవరి 9, ససెక్స్
సన్నటి వాన. అడవంతా బురద. ఇనుప ఉడుతలు, ఇనుప కాకులు, ఇనుప కుందేళ్లు. ఒక్కోదానికి ఒక రంధ్రం. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ అందులోంచి వెళ్తే బొమ్మ పడుతుంది, ఒక మార్కు. రేకుకు తగిలితే టంగుమంటుంది, సున్నా. నైలాన్ తాడు లాగి మళ్లీ నిలబెట్టాలి.
దగ్గరవి 8 గజాలు, దూరపువి 55. ఏది ఎంత దూరమో ఎవరూ చెప్పరు. లేజర్‌తో కొలవనివ్వరు. ఈ ఫీల్డ్ టార్గెట్ ఆట 1980 ప్రాంతంలో పుట్టింది ఈ ససెక్స్‌లోనే.

ఫిబ్రవరి 11
స్కోప్ మార్చాలి. ఉన్నది 16 రెట్లు చూపిస్తుంది. 45 గజాల కాకీ స్పష్టం, 55 గజాల కాకీ స్పష్టం. రెండూ ఒకేలా కనిపిస్తే దూరం తేలదు, దాంతోనే చిక్కు.

ఫిబ్రవరి 12
కాగితం మీద లెక్క. 12 ఫుట్-పౌండ్ల తుపాకీ, 4.5 మి.మీ. పెల్లెట్. 35 గజాల దగ్గర గురి సరిపెట్టి (జీరో చేసి) ఉంచితే 50 దగ్గర సుమారు రెండంగుళాలు కిందికి దిగుతుంది. 55 దగ్గర మూడు. పెద్ద రంధ్రం 40 మి.మీ., అంటే నడిమధ్య నుంచి అంచుకు 20. అంగుళమంటే 25.
చివరి దూరాల్లో అంచనా ఐదు గజాలు తేడా వస్తే బొమ్మ పడదు. ఎంత బాగా గురి చూసినా సరే.

ఫిబ్రవరి 23
పక్క లేన్‌లో పెద్దాయన తన స్కోప్‌లోంచి చూడనిచ్చాడు. 50 రెట్లు. పక్కన పళ్లెమంత ఫోకస్ వీల్, దాని అంచుకు టేపు, టేపు మీద గజాలు. తిప్పుతుంటే తాడు ముడి తేటపడింది, చెదిరింది. వెనక్కి తిప్పాడు. మళ్లీ తేటపడింది. "41" అన్నాడు.
ఫోకస్ బొమ్మ మీద పెట్టడట. ముడి మీద, పెచ్చులూడిన రంగు మీద. నల్లటి రేకులో కన్ను పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

మార్చి 2
గచ్చిబౌలి నుంచి, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాల్చే మేనకోడలి ఫోను. "మామయ్యా, మాకు గాజే ఉండదు కదా." నిజమే. వాళ్లది పీప్ సైట్. వెనక చిన్న కన్నం, ముందు రింగు, రింగు మధ్యలో నల్లటి వృత్తం. ఎప్పుడూ 10 మీటర్లే. నడిమి 10 అర మిల్లీమీటరు చుక్క. దూరం గురించి ఆలోచించే పనే లేదు. ఆ ఆలోచనంతా ఊపిరి మీద పెట్టుకోవచ్చు.
2012 లండన్ ఒలింపిక్స్‌లో ఇదే ఆటలో గగన్ నారంగ్‌కు కంచు పతకం వచ్చింది, 701.1తో. అప్పటికి మేనకోడలు రెండేళ్ల పిల్ల. ఇప్పుడా అంకె దాని గది గోడ మీద ఉంది.

మార్చి 5
ముందు గాజు వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం. 40ని 10తో: 4 మి.మీ. 60ని 50తో: 1.2. ఓక్ చెట్ల కింద, మబ్బు రోజున, 1.2 అంటే చీకటే. కానీ దూరం పట్టిచ్చేది ఆ 50 రెట్లే. రెట్లు పెరిగేకొద్దీ తేటగా ఉండే మేర సన్నబడుతుంది. ఆ సన్నదనానికే డబ్బు.

మార్చి 8
చూసినవి. లూపోల్డ్ 45: జూమ్ లేదు, తేలిక. ష్మిట్ అండ్ బెండర్ 12.5-50x56: ఈ ఆట కోసమే చేసినది, నా జీతానికి అందదు. మార్చ్ 8-80: జపాన్ పనితనం, చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు. అయితే 80 రెట్లలో ఎండపూట వేడిగాలి అలలు కూడా పెద్దవైపోతాయి. సైట్రాన్ 10-50x60. నిక్కో స్టర్లింగ్ 10-50x60.

మార్చి 9
స్ప్రింగ్ తుపాకీ కుర్రాడి స్కోప్‌లో క్రాస్‌హెయిర్ పక్కకు వాలిపోయింది. ఆ తుపాకీ రెండుసార్లు తంతుంది. పిస్టన్ ముందుకు దూకేటప్పుడు వెనక్కి, అది ఆగేటప్పుడు ముందుకు. వేట రైఫిళ్లకు చేసిన స్కోప్ వెనక్కి తన్నే దెబ్బకే సిద్ధంగా ఉంటుంది. కుర్రాడు ఏడవలేదు కానీ మాట్లాడలేదు.
నాది గాలి సిలిండర్ తుపాకీ. తన్నదు.

మార్చి 16
హంటర్ పోటీ చూశాను. అందులో మొదలయ్యాక స్కోప్ ముట్టుకోకూడదు. చాలామందిది 10 రెట్లు, ఫోకస్ 25 గజాల చోట. దగ్గరి బొమ్మ ఎంత మసగ్గా ఉందో చూసి దూరం చెప్తారు. ఒక పెద్దావిడ "13" అంది. పోటీ అయ్యాక టేపు వేశాం. 13. ఆ కంటికి దండం.

మార్చి 18
కొత్త కళ్లజోడు. స్కోప్‌ను ఆకాశం వైపు పెట్టి వెనక ఐపీస్ సరిచేశాను, క్రాస్‌హెయిర్ చూడగానే పదునుగా కనిపించేదాకా. ఇది ముందు కాకపోతే వీల్ మీది ఏ అంకే నిలవదు.
పెద్దాయన మాట: కుర్రకన్ను మసకను తనే సర్దేసుకుంటుంది, వీల్ అక్కడికి చేరకముందే. యాభై దాటిన కన్ను సర్దుకోదు. ఈ ఆటకు అదే మేలు. విని సంతోషమేసింది.

మార్చి 22
10-50x60 ఒకటి కొన్నాను. వాడినదే. గురి ఎత్తు మార్చే టరెట్‌ను పైకి తిప్పి కాల్చి, కిందికి తిప్పి కాల్చి చూశాకే డబ్బిచ్చాను. మొదటి కన్నంలోకే తిరిగి వచ్చింది.

మార్చి 29
పొలంలో టేపు పరిచి వీల్ మీద గీతలు. చలి, 9 డిగ్రీలు. ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పాలి, గేర్లలో సందు ఉంటుంది. 15కూ 20కూ మధ్య బొటనవేలంత చోటు. 50కీ 55కీ మధ్య పెన్ను గీత పట్టేంత. వీల్ అంత పెద్దది ఎందుకో చేత్తో తెలిసింది.

జూన్ 21
29 డిగ్రీలు. 55 గజాల కాకి 52 గీత దగ్గర తేటపడుతోంది. వేడికి స్కోప్ లోపల ఏదో జరిగింది. మూడు గజాలంటే పదిహేను మిల్లీమీటర్లు, ఇంచుమించు రంధ్రం అంచు. పెద్దాయన స్కోప్‌కు చిన్న థర్మామీటరు అంటించి ఉంటుంది, ఇన్నాళ్లూ అలంకారమనుకున్నాను.
థర్మామీటరు తెప్పించాను. వీల్‌కు రెండో టేపు చుట్టాను, ఎర్ర ఇంకుతో. 25 డిగ్రీలు దాటితే ఎరుపు చదవాలి. మధ్యస్థపు రోజులకు మూడోది సెప్టెంబరులో.