లేవీయుల పాలు

కోతపండుగనాడు మా డెల్టా చర్చిలకు వడ్లు, కోళ్ళు, గుమ్మడికాయలు కానుకలుగా వస్తాయి. బందరు, గుడివాడలలోని పెద్ద సంఘాల కాపరులకు సాధారణంగా లోటుండదు. దివిసీమలో పాకలో ఆరాధన నడిపే కాపరి నాట్లకు, కోతలకు కూలికి పోవడం నేనెరుగుదును. “సేవ విడిచి పొలమేమిటి?” అని ఆక్షేపించేవారినీ విన్నాను.

వారు నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయం చదవాలి. తమ పాలు అందక లేవీయులు పొలాలకు పోయినప్పుడు నెహెమ్యా గద్దించినది వారిని కాదు, అధికారులను. పిమ్మట పంపకానికి నమ్మకస్థులైన నలుగురిని నియమించాడు. పల్లె నుండి ఆలయసేవకు వచ్చిన లేవీయునికీ సమానభాగమే అని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం విధించింది.

కనుక కూలికి పోయే కాపరి విశ్వాసాన్ని తూచబోయే ముందు కానుకల లెక్క చూడడం న్యాయం.