ఒకే బల్లయొద్ద



మామిడికాయ దిగు దినములలో మీరు మైలవరము వచ్చినయెడల, బస్సులు నిలుచు చోటికి దగ్గరనున్న చిన్న హోటళ్లలో ఒకదానికి వెళ్లి కూర్చుండుడి. పేరున్న హోటలు అక్కరలేదు. రేకుల కప్పు, రెండు పొడుగు బల్లలు, పెనముమీద పెసరట్టు, గిన్నెలో అల్లపు పచ్చడి; ప్రక్కనే బేకరి, అందులో బన్నులు, రస్కులు, కోడిగ్రుడ్డు పఫ్ఫులు. లారీ డ్రైవర్లు, కాయ కోయు కూలీలు, బడిపిల్లలు అందరును అక్కడనే తినుచుందురు. పెసరట్టు మాటకు వచ్చినయెడల, ఉల్లిపాయ, పచ్చిమిర్చి చల్లి అంచులు ఎఱ్ఱగా కాల్చినది వేడిగా తినవలెను. చల్లారినదానిని గూర్చి నేనేమియు చెప్పజాలను.

ఒక ఉదయమున మా సంఘపు పెద్ద ఒకరు నాతోకూడ అక్కడికి వచ్చిరి. ఎనుబదియేండ్లవారు. టీ త్రాగి, లేచి, తన గ్లాసు పట్టుకొని నీళ్లతొట్టియొద్దకు నడిచిరి. హోటలు నడుపు అమ్మాయి చూచి, "తాతా, గ్లాసక్కడ పెట్టు, మేం కడుగుతాంలే" అనెను. ఆయన విననట్టే కడిగి, బోర్లించి వచ్చిరి. దారిలో నేనడుగగా చెప్పిరి. చిన్నతనమున వారి ఊరి టీకొట్టులో పల్లెవారికి వేరు గ్లాసులుండెను. చూరుక్రిందనున్న గ్లాసు తామే తీసికొని, పైనుండి పోయగా త్రాగి, తామే కడిగి మరల అక్కడనే పెట్టవలెను. "చేతులకు అలవాటైపోయింది నాయనా" అనిరి.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచేత అంటరానితనమును రద్దుచేసెను. కులమునుబట్టి ఎవనిని హోటలులోనికి రాకుండ ఆపరాదని 15వ అధికరణము చెప్పెను. 1955లో శిక్షల చట్టము వచ్చెను. ఆ చూరుక్రింది గ్లాసులు మాత్రము ఆ తరువాతను చాల యేండ్లుండెను.

కరీబియను సముద్రములో హైతీ అను దేశమున్నది. మనవలెనే వారికిని మామిడితోటలున్నవి. ఫ్రెంచివారి యేలుబడిలో అక్కడి బానిసలు యజమానులకొరకు గుమ్మడికాయతోను మాంసముతోను సూపు వండెడివారనియు, దానిని తామే రుచి చూచుటకు సెలవు లేకుండెననియు వారు చెప్పుకొందురు. 1804 జనవరి 1న స్వతంత్రులై ఆ సూపునే త్రాగిరి. నేటికిని ప్రతి నూతన సంవత్సర దినమున హైతీవారు దానిని వండుకొందురు. అమెరికా పట్టణములలో వారు నడుపు చిన్న హోటళ్లలోను అది దొరకును. 2021లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చెను. వండిన చేతికి తిను హక్కు వచ్చిన దినమును వారు గిన్నెతో జ్ఞాపకము చేసికొనుచున్నారు.

అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనము చేయుచుండి, యెరూషలేమునుండి కొందరు రాగానే వెనుకతీసిన సంగతి మీరెరుగుదురు. పౌలు దానిని చిన్న సంగతిగా ఎంచక అందరియెదుటనే ఆయనను నిలదీసెను.

ఇప్పుడు అనేక టీకొట్లలో కాగితపు కప్పులు వచ్చినవి. త్రాగి పారవేయుటే. వేరు గ్లాసు కనబడదు. మారినది మనస్సో, గ్లాసో, నాకు సందేహమే. హోటలు సంగతి అట్లుండనిండు. మీ తోటలో కాయ కోసినవానికి మధ్యాహ్నము అన్నము ఎక్కడ పెట్టుచున్నారు, లోపలనా, వాకిటనా? మన సంఘములలోనే ఒక పల్లెవారు వండినది మరియొక పల్లెవారు ముట్టని పెండ్లివిందులు నేను చూచితిని. రాబోవు విందున వడ్డన మొదలుకాకముందు ఒక్కసారి పంక్తులవైపు చూడుడి, ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరో.