దేవుడడగని పూలు

బీరపువ్వు సాయంత్రం పూస్తుంది. గుమ్మడిపువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. కాకర, దోస కూడా పొద్దుటి పూలే. సొరపువ్వు మాత్రం బీరకు జోడు. సందెవేళ తెల్లగా విచ్చుకుని రాత్రంతా మేలుకుంటుంది. డాబా మీద నాలుగు పాదులు పెట్టుకున్న వాళ్ళు ఎరువుల సంగతి కన్నా ముందు ఈ వేళల సంగతి తెలుసుకోవాలని నా అభిప్రాయం. ఎందుకంటే మూడేళ్ళ కిందట మా బీరపాదు పందిరంతా అల్లుకుని, పసుపుపచ్చగా విరగబూసి, ఒక్కటంటే ఒక్క కాయ ఇవ్వలేదు.

పిందెలు పడేవి. చిటికెనవేలంత పిందె, దాని కొసన పువ్వు. రెండు రోజులకి పిందె పసుపెక్కి, మెత్తబడి రాలిపోయేది. మావారు మందు కొట్టించాలేమో అన్నారు. పక్కింటావిడ దిష్టి తగిలిందని, బూడిదగుమ్మడికాయ కట్టమంది. బీరపాదుకి గుమ్మడికాయ కట్టడం నాకు బాగానే నవ్వు తెప్పించింది కానీ కాయలు తెప్పించలేదు.

సంగతేమిటంటే ఈ జాతి పాదుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పువ్వు వెనక పిందె ఉంటే ఆడది, ఉత్త కాడ ఉంటే మగది. బీరకి మగపూలు గుత్తిగా వస్తాయి, ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది. మొదట్లో కొన్నాళ్ళు మగపూలే పూస్తాయి, దానికి కంగారు పడక్కర్లేదు. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వు నడుమ పడితేనే పిందె కాయవుతుంది. ఆ పుప్పొడి జిగురుగా, బరువుగా ఉంటుంది, గాలికి ఎగరదు. ఎవరో ఒకరు మోసుకెళ్ళాలి. మోసేవాళ్ళు మా డాబా మీదికి రావడంలేదు.

అంచేత నేనే మోశాను. సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి, పైకెళ్ళి, మగపువ్వు తుంచి, రేకులు విరిచేసి, మధ్యలో ఉన్న పచ్చటి పొడిని ఆడపువ్వు మధ్యలో మెత్తగా అద్దేదాన్ని. ఒక ఆడపువ్వుకి రెండు మూడు మగపూలు. వెలుతురు చాలకపోతే ఫోను లైటు నోట్లో పెట్టుకుని. మా అత్తగారు మెట్ల మీద కూర్చుని చూసి, మా ఆడపడుచుకి ఫోను చేసి, "మీ వదిన పెళ్ళిళ్ళ పేరమ్మ అయిందే" అని చెప్పారు.

ఆవిడకి ఈ పనేమీ వింత కాదు. వాళ్ళది ప్రకాశం జిల్లాలో పొద్దుతిరుగుడు వేసే ఊరు. పూత మీదున్నప్పుడు పొద్దున పూట పల్చటి గుడ్డ చేతికి చుట్టుకుని పువ్వు మీద పువ్వు మెత్తగా రుద్దుకుంటూ సాళ్ళవెంట నడవాలి, అప్పుడే గింజ బాగా పడుతుంది. వ్యవసాయశాఖ వాళ్ళు ఇప్పటికీ రైతులకి ఆ మాటే చెబుతారు. "మేం ఎకరాలకెకరాలు రుద్దాం. నీవి నాలుగు పాదులేగా" అన్నారు. కాబట్టి తేనెటీగ లేకపోతే కాయ లేదన్న సంగతి ఆవిడకి నేను చెప్పాల్సిన పనిలేదు.

మరి ముప్పై కుండీల పూలమొక్కలున్న డాబా మీదికి తేనెటీగ ఎందుకు రాదు? ఇక్కడే చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉండే మాట వస్తుంది. మా ఇంట్లో పొద్దున ఆరుగంటలయ్యేసరికి చెట్టు మీద ఒక్క పువ్వు ఉండదు. అత్తగారు అయిదున్నరకే స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, వెదురుబుట్ట పట్టుకుని పైకి వెళ్తారు. మందారం, నందివర్ధనం, గన్నేరు, శంఖుపువ్వు, చివరికి అప్పుడే కళ్ళు తెరుస్తున్న బంతిమొగ్గతో సహా బుట్టలోకి వచ్చేస్తాయి. మల్లెల సంగతి సరేసరి, వాటిని ముందురోజు సాయంత్రమే మొగ్గగా కోసేస్తాం. ఎండెక్కాక వచ్చే తేనెటీగకి మా డాబా ఆకుల దుకాణం.

ఇంకో చిక్కు కూడా ఉంది. మా పూలన్నీ ముద్దపూలు. ముద్దమందారం, ముద్దనందివర్ధనం, ముద్దబంతి. చూడటానికి నిండుగా ఉంటాయని అందరం అవే కొంటాం. ముద్దపువ్వులో చాలావరకు కేసరాలే రేకులుగా మారిపోతాయి. రేకులు పెరిగినకొద్దీ పుప్పొడి తగ్గుతుంది, ఉన్న తేనె దగ్గరికి దారీ దొరకదు. అలంకారం నిండుగా ఉండి విస్తట్లో ఏమీ వడ్డించని పెళ్ళి భోజనం లాంటిదన్నమాట. ఒంటిరేక పూలకే ఈగలు మూగుతాయి.

ఒకరోజు కాఫీ ఇస్తూ కదిపాను. "అత్తయ్యా, రోజూ నాలుగు పూలు చెట్టునుంచితే తేనెటీగలు వస్తాయి."

"అవి వాలిపోయాక కొయ్యనా?"

"మధ్యాహ్నం కోసుకోవచ్చుగా."

"అవి ముట్టినవి దేవుడికెట్టా పెడతానే? ఎంగిలి కాదూ?"

"తేనె కూడా వాటి ఎంగిలేగా. అభిషేకానికి పోస్తున్నాం కదా."

"తేనెకి ఎంగిలి లేదు" అని గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయారు.

తెలుగు బి.ఏ. చదివినదాన్ని, తుమ్మెదల మీద నాకు తెలిసిన పద్యాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఆ పూట అక్కరకి రాలేదు.

రెట్టించకపోవడానికి వేరే కారణం ఉంది. మామయ్యగారు పోయాక ఊళ్ళో ఇల్లు తాళం వేసి, రెండు ట్రంకుపెట్టెలు, ఆ వెదురుబుట్ట పట్టుకుని గుంటూరు వచ్చారావిడ. వచ్చిన రోజే "వంటిల్లు నీది, నేనందులో వేలు పెట్టను" అన్నారు. ఎనిమిదేళ్ళయింది, పెట్టలేదు. పాడీ పంటా, పదిమంది పనివాళ్ళతో నలభై ఏళ్ళు ఇల్లు నడిపిన మనిషికి మేమివ్వగలిగింది ఒక గది, ఒక టీవీ. పూలకోత మాత్రం ఆవిడే తీసుకున్నారు. రోజులో ఆవిడ ఎవర్నీ అడక్కుండా చేసే పని అదొక్కటి. "కొయ్యకండి" అని నేనంటే ఆ మాట పూల దగ్గర ఆగదు. కోడళ్ళయిన వాళ్ళకీ, అత్తలయిన వాళ్ళకీ ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకని దేవుడడగని పూలు పెంచడం మొదలుపెట్టాను.

ఏ దేవుడూ కొత్తిమీర పువ్వు అడగడు. ఆవపువ్వు అడగడు. ముల్లంగిపువ్వుతో సహస్రనామం చేసిన వాళ్ళని నేను చూడలేదు. ఇవన్నీ మన పోపులపెట్టెలోంచీ కూరల సంచిలోంచీ వచ్చేవే, పైసా ఖర్చు లేదు. కార్తీకమాసంలో ధనియాలు రెండు బద్దలయ్యేలా చపాతీ కర్రతో నలిపి చల్లాను. మొదట్లో ఆకు కోసుకున్నాం, తరవాత కోయడం ఆపేశాను. సంక్రాంతి దాటి ఎండ కాస్త చురుక్కుమనగానే కాడ నిలువునా లేచి, గొడుగుల్లాంటి సన్నటి తెల్లపూలు పూసింది. ఆవాలూ అంతే. రెండు ముల్లంగి దుంపలు పీకకుండా వదిలేస్తే నడుమెత్తు పెరిగి, లేత ఊదారంగు పూలు వేశాయి. "కూరకి పనికొచ్చే దుంపల్ని పాడుచేశావు" అని మావారు రెండు మూడు సార్లు అన్నారు. రైతుబజారులో కట్ట ఎంతో చెప్పాక ఊరుకున్నారు.

ఎండలు పెరిగాక, అంటే ఫాల్గుణం, చైత్రం నాటికి కొత్తిమీర, ఆవాలు అయిపోతాయి. అప్పటికి అందుకునేట్టు పొద్దుతిరుగుడు, సబ్జా వేసుకోవాలి. పానకంలో, షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలే చల్లండి. మా గుంటూరు ఎండకి కూడా తట్టుకుని వెన్నులు వెన్నులుగా పూస్తుంది. నా ఓటు అన్నిటికన్నా దానికే. ఇంకోమాట. రకానికొక మొక్క చొప్పున పది రకాలు పెట్టేకన్నా, ఒకే రకం ఒకచోట గుంపుగా పెట్టండి. తేనెటీగ ఒక విడత బయల్దేరితే సాధారణంగా ఒకే రకం పువ్వుని పట్టుకుని తిరుగుతుంది. మనం చీరల కొట్టుకి వెళ్ళినట్టు అన్నీ తిరగెయ్యదు. పది రకాల విత్తనాలు తలా నాలుగు గింజలు పెట్టి, సీతాకోకచిలుక బొమ్మవేసి అమ్మే పొట్లాలు అందుకే నాకు నచ్చవు.

తాగడానికి నీళ్ళు కావాలి వాటికి. మట్టిమూకుడులో గులకరాళ్ళు వేసి, రాళ్ళు మునగకుండా నీళ్ళు పోసి నీడన పెట్టాను. ఎండాకాలం తేనెటీగలు నీళ్ళు మోసుకెళ్ళి పట్టుని చల్లబరుచుకుంటాయి. రాళ్ళు లేకపోతే నీళ్ళలో పడి చస్తాయి. పూత మీద ఏ మందూ కొట్టను, వేపనూనె అయినా సరే. మరీ అవసరమైతే ఆకులకి, అదీ చీకటి పడ్డాక.

మొదట వచ్చినవి చాలా చిన్నవి, ఈగకన్నా చిన్నవి. కొత్తిమీర పూలమీద నిలబడి ఉన్నాయో ఎగురుతున్నాయో తెలియకుండా ఉండేవి. వాటి వెనక కొమ్మలకి అరచెయ్యంత పట్టు పెట్టే చిన్న తేనెటీగలు వచ్చాయి. వీధిలో కానుగచెట్టు పూతకొచ్చేనాటికి మా డాబా కూడా వాటి దారిలో పడింది. ఎర్రమందారం వైపు అవి అంతగా తొంగిచూడవు. తేనెటీగకి రంగులు తెలుసని చూపించిన కార్ల్ వాన్ ఫ్రిష్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త, మనలాగా ఎరుపు మాత్రం వాటికి కనబడదని కూడా తేల్చాడు. ఆయనకి 1973లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఎరుపు కోసం మా ఇంటికి తేనెపిట్ట వస్తుంది, వంకర ముక్కేసుకుని.

ఇక తుమ్మెద. కావ్యాల్లో అది తామరపూల మీద, నాయిక జడలో మల్లెల మీద తప్ప ఇంకెక్కడా వాలదు. మా డాబా మీద అది వంగపువ్వు మీద వాలింది. బొటనవేలి కణుపంత లావు, నల్లగా నిగనిగలాడుతూ, రెక్కల మీద నీలం మెరుపు. వంగపువ్వు కేసరాలు ఉప్పుసీసా మూతలాంటివి, పుప్పొడి కొసనున్న చిన్న రంధ్రాల్లోంచే రావాలి. తుమ్మెద పువ్వుని గట్టిగా కరుచుకుని జుమ్మని ఒళ్ళంతా అదిలిస్తుంది, పొడి జలజలా రాలుతుంది. టొమాటోకీ ఇదే పద్ధతి. మామూలు తేనెటీగకి ఈ విద్య రాదు. కట్టెను తొలిచేంత బలమున్న తుమ్మెద తామర రేకుల్లో చిక్కుకుపోతుందని పాతకవులన్న మాట మాకు క్లాసులో అలంకారంగానే చెప్పారు. మా పందిరి వెదురుబొంగుకి బరమాతో పెట్టినట్టు గుండ్రటి చిల్లు పడ్డాక, కింద పసుపుపచ్చటి రంపంపొట్టు రాలి ఉండటం చూశాక, ఆ కవులెవరో వాకిట్లో కూర్చుని సరిగ్గానే చూశారనిపించింది. ఆ బొంగు మార్చలేదు. మావారికి ఇంకా చెప్పలేదు కూడా, ఇది చదివితే తెలుస్తుంది.

పోయినేడు బీర కాసింది. కొన్నిటికి నేను పెళ్ళి చేశాను. మిగతావాటిని చీకటి పడేదాకా తిరిగే తేనెటీగలో, ఆ తరవాత దీపం చుట్టూ తిరిగే రెక్కలపురుగులో చూసుకున్నాయి. పచ్చడికి, పెసరపప్పుకి, పాలుపోసిన కూరకి సరిపోను పక్కింటావిడకి కూడా రెండు ఇచ్చాను. గుమ్మడికాయ కట్టావా అని అడిగింది.

ఈ ఏడు సంక్రాంతి ముందు అత్తగారికి మోకాలు పట్టేసింది. డాక్టరు మెట్లెక్కవద్దన్నాడు. మూడోరోజుకే నేను గమనించాను, డాబా అంతా పూలు. శంఖుపువ్వు తీగ నీలంగా గోడంతా పరుచుకుని ఉంది, దానిమీద పొట్టకి నీలం చారలున్న తేనెటీగ ఒకటి. ఎనిమిదేళ్ళలో ఆ తీగ మధ్యాహ్నం పన్నెండింటికి ఎలా ఉంటుందో నేను చూడనేలేదు. నేను కోరుకున్నది అదే. అయినా కింద గదిలో మంచం మీద అయిదున్నరకే స్నానం చేసి కూర్చున్న మనిషి గుర్తొచ్చి, అక్కడ ఎంతోసేపు నిలబడలేకపోయాను.

మర్నాటి నుంచి బుట్ట నేను పట్టుకెళ్తున్నాను. ముద్దపూలన్నీ కోసేస్తాను, వాటితో ఎవరికీ పేచీ లేదు. తగవంతా రేకపూల దగ్గర. మొదటిరోజు సగం బుట్ట తెచ్చి ఇస్తే ఆవిడ ఏమీ అనలేదు. పటానికొక పువ్వు చొప్పున సర్ది, "ఇవాళ పూత తక్కువా?" అని మాత్రం అడిగారు. ఆ సాయంత్రం నుంచి రోజూ నేను నీళ్ళు పోసి దిగగానే "రేపటికి మొగ్గలెన్ని?" అని అడుగుతున్నారు. అబద్ధం చెప్పబుద్ధి కాదు. చెప్పాక పొద్దున లెక్క తేలిపోతుంది.

ఉగాది వెళ్ళిన మొదటి సోమవారం. శివుడికి శంఖుపూలు కావాలి. బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి తమలపాకు మీద పెట్టారు.

"పదకొండు మొగ్గలన్నావు రాత్రి. ఆరే ఉన్నాయి."

"అయిదు పైనుంచాను అత్తయ్యా."

"ఎవరికి?"

"ఒక తేనెటీగ వస్తోంది. నీలం చారలది."

ఆవిడ కాసేపు ఆలోచించారు. "ఒక్కదానికి అయిదెందుకే? మూడు చాలు."

మళ్ళీ మెట్లెక్కి రెండు కోసుకొచ్చాను.