హెడ్మాస్టరు గారు ఎప్పుడు చదువుకోవాలి?

జహీరాబాదు చుట్టుపక్కల పల్లెబడులలో పనిచేసే ఉపాధ్యాయులు మా ఇంటికి అప్పుడప్పుడు వస్తుంటారు. కూర్చోగానే వారి నోట వచ్చేది పిల్లల మాట కాదు, లెక్కల మాట. హాజరు లెక్క, మధ్యాహ్న భోజనం లెక్క, గుడ్ల లెక్క, ఫోనులో ఎక్కించవలసిన వివరాలు, మండలంలో మీటింగు. పేరుకు హెడ్మాస్టరు, చేసేది సగం గుమాస్తా పని.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో పిల్లలు 150 మందికి మించితేనే ప్రత్యేకంగా ప్రధానోపాధ్యాయుడు ఉండాలి. 60 మంది వరకు ఉన్న బడికి ఇద్దరు ఉపాధ్యాయులు చాలునన్నారు. కాబట్టి చిన్న ఊళ్లలో ఆ ఇద్దరిలో ఒకరే పాఠాలు చెబుతూ బడి బరువంతా మోయాలి. ఆయన మీటింగుకు వెళ్లిన రోజున ఐదు తరగతులకూ ఒక్కరే దిక్కు.

అదే చట్టంలో ఇంకొక మాట ఉంది. ఉపాధ్యాయునికి వారానికి కనీసం 45 గంటల పని అని చెప్పి, పాఠానికి సిద్ధపడే సమయాన్ని కూడా అందులోనే కలిపారు. అంటే చదువుకోవడమూ ఉద్యోగమే. మాకిది చాలా గొప్ప మాటగా తోస్తుంది. కాని పని ఎక్కువైతే మొట్టమొదట ఎగిరిపోయేవి ఆ గంటలే. రిజిస్టరు రాయకపోతే అడిగేవారున్నారు. చదువుకోకుండా తరగతికి వెళితే ఎవరడుగుతారు? పైగా మన సరిహద్దు ఊళ్లలో ఒకే గదిలో తెలుగు, కన్నడ, ఉర్దూ, లంబాడీ మాట్లాడే పిల్లలుంటారు. నిరుడు చెప్పినట్టే ఈ ఏడూ చెబితే ఆ పాఠం సగంమందికి అందదు.

మోషే ఉదయం నుండి సాయంత్రం వరకు ఒక్కడే కూర్చుని తగవులు తీర్చడం చూచి మామ యిత్రో ఇచ్చిన సలహా మన ఆదివారపు బడి పిల్లలకూ తెలుసు. పని పంచుమన్నాడని అందరూ చెబుతారు. అయితే ముందు ప్రజలకు నేర్పుమని కూడా ఆయన అన్నాడు. నేర్పనిదే పంచడం ఎలా?

పెద్దవాళ్లకు ఇక చదువేమిటి అనేవారు పస్తాపూరు వైపు చూడాలి. అక్కడి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలలో, ఎన్నడూ బడి మెట్లెక్కని దళిత స్త్రీలు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో మొదలైతే దాన్ని నడిపిందీ ఊళ్ల ఆడవాళ్లే. అదే మాచునూరులో 1993లో పచ్చసాలె అనే బడి పెట్టి పిల్లలకు పుస్తకాలతో పాటు వడ్రంగం, కుట్టుపని వంటివి నేర్పారు. ఆ సంఘాలలో విత్తనాలు చూసేవారు వేరు, కెమెరా పట్టేవారు వేరు, రేడియోలో మాట్లాడేవారు వేరు. అంతా ఒకరి నెత్తిన పడలేదు. అందుకే ఆ వయసులో కొత్త విద్యకు తీరిక దొరికిందని మా నమ్మకం.

మరి మన బడిలో? చట్టం చెప్పిన యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది స్త్రీలు ఉండాలి. చాలాచోట్ల ఆ కమిటీ సంతకాలకే పనికివస్తోంది. పదో తరగతి చదివి ఇంట్లో ఉన్న కోడళ్లు మన ఊళ్లలో ఎందరు లేరు! భోజనం లెక్క, గుడ్ల లెక్క వారికి రెండు రోజుల్లో నేర్పవచ్చు. చివరి సంతకం పంతులుగారిదే కానీయండి. మిగిలిన ఆ అరగంటలో ఆయన రేపటి పాఠం తెరిచి చూసుకుంటారు.