చిన్ననోటి చేప – పెద్ద ఓపిక

పిల్లలను చూడటానికి అమెరికా వెళ్ళే మనబోటి పెద్దలకు మొదటి పదిహేను రోజులూ పండుగే. అసలు చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. కారు లేనిదే గుమ్మం దాటలేము. టీవీ ఎంతసేపని చూస్తాం? అటువంటివారికి నేను చెప్పే మందు ఒక్కటే – గాలం. యానాంలో గౌతమి ఒడ్డున పుట్టి పెరిగినవాడిని కనుక నాకీ మందు చిన్నప్పుడే అలవాటయింది.

కిందటేడు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హారిస్‌బర్గ్‌లో మా అమ్మాయి ఇంట ఉన్నాను. ఆ ఊరిని ఆనుకునే సస్క్వెహానా నది పారుతుంది. మన గోదావరిలా వెడల్పయినదే గాని, లోతు తక్కువ. ఎండాకాలంలో చాలాచోట్ల మోకాలిలోతు నీళ్ళలో రాళ్ళు తేలి కనబడుతుంటాయి. ఆ రాళ్ళ మధ్య ఉంటుంది స్మాల్‌మౌత్ బాస్. మా మనవడికి అర్థమయ్యేలా నేను దానికి ‘చిన్ననోటి చేప’ అని పేరు పెట్టాను.

మా అల్లుడుగారు మితభాషి. నేనూ అంతే. “కాఫీ తాగారా మామగారూ?” “తాగానండి” – అంతటితో సరి. ఒక శనివారం ఆయన గాలపు కర్రలు తుడుస్తూ ఉంటే నేనూ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటలకు కొదవ లేకపోయింది. అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్నవీ, నా కళ్ళతో చూసినవీ నాలుగు మాటలు చెబుతాను.

ముందు చేపను గుర్తుపట్టాలి. ఒళ్ళు కంచు రంగు. పక్కల నిలువు చారలు. కళ్ళలో ఎర్ర జీర. దీని అన్న వరస లార్జ్‌మౌత్ బాస్ ఉంది. దాని నోటి మూల కన్ను దాటి వెనక్కు పోతుంది, దీనిది అంత దూరం పోదు. కిలో తూగితే మంచి చేప కిందే లెక్క. 1955లో టెన్నెసీ, కెంటకీ సరిహద్దులోని డేల్ హాలో జలాశయంలో పట్టినది 11 పౌన్ల 15 ఔన్సులు తూగింది, అంటే దాదాపు ఐదున్నర కిలోలు. అదే ఇప్పటికీ రికార్డు.

రెండోది చోటు. దీనికి బురద గిట్టదు. చల్లని, తేటైన, పారే నీరు కావాలి, అడుగున రాళ్ళుండాలి. పెద్ద రాతి వెనుక ప్రవాహం మందగించిన చోట ఎగువకు ముఖం పెట్టి నిలబడి, వరద ఏం తెచ్చి పెడుతుందా అని చూస్తుంటుంది. పెళ్ళి పందిట్లో వడ్డన వచ్చే వైపు చూసుకుని కూర్చునేవాళ్ళు మనలో లేరూ? అలాగన్నమాట! వేసవిలో పొద్దున్నే, మళ్ళీ సాయంత్రం వెళ్ళాలి. మబ్బు పట్టిన రోజు మరీ మంచిది.

మూడోది ఎర. దీనికి ఇష్టమైన తిండి క్రేఫిష్, మన రొయ్యకూ పీతకూ మధ్యరకంలా ఉండే జీవి. దాన్ని పోలిన గోధుమరంగు రబ్బరు ఎరలు అంగళ్ళలో దొరుకుతాయి. రాతికి కాస్త ఎగువగా విసిరి, అడుగు రాళ్ళను తాకుతూ నీటితోపాటు దిగువకు రానివ్వాలి. దారం వదులు కాకూడదు. టక్కున తగలగానే కర్ర ఎత్తాలి. పడిన చేప నీటి పైకి ఎగిరి తల విదిలిస్తుంది. అప్పుడు కర్ర కొన దించాలి. బలం చూపిస్తే దారం తెగుతుంది. ఓపిక చూపిస్తే చేప వస్తుంది.

ఇక అసలు సంగతి. మే నెలలో ఒక ఆదివారం నదిలో కలిసే ఒక వాగు దగ్గరకు వెళ్ళాం. గట్టు పక్కన, లోతులేని నీళ్ళలో, పళ్ళెమంత శుభ్రమైన గులకరాళ్ళ గుండ్రం కనిపించింది. దాని మీద ఒక బాస్ తిరుగుతోంది. “తాతయ్యా, ఇక్కడే వేద్దాం!” అని మనవడు గంతులేశాడు. వాడికి అప్పటికి ఒక్క చేపా పడలేదు మరి.

అది గూడు. వసంతంలో నీటి వేడి 15 డిగ్రీలు దాటే వేళకు మగచేప తోకతో గులకరాళ్ళు ఊడ్చి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. తరువాతి కాపలా అంతా మగదే. తిండి సరిగా తినదు. దగ్గరకు వచ్చినదాన్నల్లా, ఆకలితో కాదు, కోపంతో కరుస్తుంది. అందుకే అప్పుడు పట్టడం మహా తేలిక. కాని దాన్ని పైకి తీసిన ఆ కొద్ది నిమిషాల్లోనే చిన్న చేపలు చేరి గుడ్లు తినేస్తాయి. గూడు కనబడుతుండగా పదేపదే అందులోకి గాలం విసరడం ఆ రాష్ట్రంలో నిబంధనలకు విరుద్ధం కూడా.

మా చిన్నతనంలో చెరువుల్లో కొరమేను తన ఎర్రటి పిల్లల గుంపు కింద కాపలా తిరిగేది. కొందరు ఆ గుంపు పక్కనే గాలం వేసేవారు. మా నాన్నగారు మమ్మల్ని వేయనిచ్చేవారు కాదు. ఆ మాటే మనవడికి చెప్పాను. వాడు మూతి ముడుచుకుని, “నాన్న చేప ఒక్కటే చూసుకుంటుందా?” అన్నాడు. మా అమ్మాయికి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు. వాడి స్నానం, అన్నం, పాఠాలు, నిద్ర అన్నీ అల్లుడుగారివే. వాడు ఒకసారి వెనక్కు తిరిగి వాళ్ళ నాన్నను చూశాడు. గాలం తనే చుట్టేశాడు. పది రోజుల తరువాత వెళితే గూటి మీద నల్లటి చుక్కల్లా పిల్లలు, వాటి పక్కనే తండ్రి.

ఆగస్టులో నది మధ్య ఒక రాతి దగ్గర వాడికి మొదటి చేప పడింది, జానెడుంటుందేమో. తడి చేత్తో పట్టుకుని, కొక్కెం తీసి, ఎగువకు ముఖం పెట్టి కాసేపు నీళ్ళలో ఆనించి ఉంచితే తుర్రుమంది. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి జిగురు పోయి జబ్బు చేస్తుంది. ఈ నదిలో 2005లో పిల్లచేపలు రోగంతో విపరీతంగా చచ్చిపోయాయి. ఆ తరువాత ఈ భాగంలో పట్టిన బాస్‌ను వెంటనే వదిలెయ్యాలని నియమం పెట్టారు. పులుసు లేని చేపలవేట ఏమిటని మా ఆవిడ ఫోనులో నవ్వింది కాని, ఆ పూట మా ముగ్గురి కడుపూ నిండింది.

ఈసారి వెళ్ళేవారు ఊరగాయ సీసాల పక్కన ఒక పాత టోపీకి చోటుంచండి. 16 ఏళ్ళు నిండినవారికి లైసెన్సు తప్పనిసరి. కొద్దిరోజులకు ఇచ్చేవీ ఉన్నాయి. మనవడినో మనవరాలినో వెంటబెట్టుకోండి. మే నెలలో గూడు కనబడితే మాత్రం గాలం దించకండి. గట్టు మీద కూర్చుని, ఆ తండ్రి కాపలా కాసేపు చూసి రండి.