చప్పుడు పోయిన యింజను

లారీ యింజనును గూర్చి గృహిణి వ్రాయుట మీకు వింతగా తోచవచ్చును. కాని ఆ బండి కిస్తీతోనే మా యింటి కూడు ముడిపడియున్నది. దాని జమాఖర్చులు వ్రాయునది నేనే.

మా మరిది కరీంనగరు నుండి ఆదిలాబాదునకు బియ్యము తోలుచుండును. గడచిన వేసవిలో మా పాత లారీ యింజను హెడ్డు విప్పించి, క్రొత్త గ్యాస్కెట్టు వేయించితిమి. పని ముగియగానే టిక్కుటిక్కుమను చప్పుడొకటి మొదలయ్యెను. "ఇంత సొమ్ము పోసినంక ఈ సప్పుడేంది? ఇది పోయినంకనే పైసలిస్త" నని మిస్త్రీతో నేనే పట్టుపట్టితిని. అతడు ట్యాపెట్లు బిగించెను. చప్పుడణగెను. నేను సంతోషించి సొమ్ము చెల్లించితిని.

ఆ రాత్రియే ఫోను వచ్చెను. నిర్మలు దాటి మహబూబు ఘాటెక్కుచుండగా బండి వణకి, తెల్లని పొగ గ్రక్కి, ముందునకు సాగలేదట. "వదినా, సప్పుడు పోయింది గని బలం గూడ పోయింది" అనెను మరిది.

మరునాడు నేనును నిర్మలునకు పోయితిని. అచ్చటి వృద్ధ మిస్త్రీ, యింజను నడుచుచుండగనే డీజిలు గొట్టముల నట్లను ఒక్కొక్కటిగా వదులుచేసి చెవియొగ్గెను. నాలుగింటికి ధ్వని మారెను, రెండింటికి మారలేదు. "ఈ రెండు సిలిండర్లు పని జేస్తలేవమ్మా" అనెను.

ఇంజను చల్లారిన పిదప పైమూత తీసి, ఆ వాల్వులు మూసియుండవలసిన స్థితిలో నిలిపి, రాకరు క్రింద ఫీలరు గేజి దూర్చబోగా అది దూరలేదు. వేడికి వాల్వుకాడ సాగును. అందులకే తయారుచేసినవారు అచ్చట మిల్లీమీటరునైన మించని సందును నిర్ణయింతురు. సందు హెచ్చినచో చప్పుడగును. సందే లేనిచో వాల్వు పూర్తిగా మూసుకొనదు, ఒత్తిడి జారిపోవును, తుదకు వాల్వు అంచే కాలిపోవును. క్రొత్త గ్యాస్కెట్టు అణగిన కొలది ఆ సందు మరికొంత తగ్గును గనుక, కొంత నడిపిన పిదప మరల కొలిచి చూడవలెనట.

అదృష్టవశమున వాల్వులింకను కాలలేదు. సందు సరిచేయగానే బండి ఘాటెక్కెను. ఆ నెల కిస్తీయు దక్కెను. "సప్పుడు జేసేది దాని బాధ చెప్తదమ్మా. చెప్పనిదాన్నే సూసుకోవాలె" అనెను ఆ వృద్ధుడు.

మొదటి మిస్త్రీని నేను నిందింపలేదు. చప్పుడు మాన్పుమని తొందరచేసినది నేనే గదా! ఇప్పుడు మరమ్మతు జరిగినప్పుడెల్ల, సందెంత పెట్టితివి, చల్లని యింజనుపైనా, వేడి యింజనుపైనా, మరల నెన్నడు కొలుతువని అడిగి, జమాఖర్చుల ప్రక్కనే వ్రాసికొనుచున్నాను.